లిచ్ కింగ్ ఫేజ్ 2లో డిఫైల్, వాల్‌కిర్ ఒకేసారి వచ్చినప్పుడు ఎవరు ఎక్కడ నిలబడాలి?

నిశి_హంటర్:

హాయ్ అందరికీ. మా గ్రూప్ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్‌లో ఐసీసీ (ఐస్‌క్రౌన్ సిటాడెల్ రెయిడ్) 10 మ్యాన్ నార్మల్‌లో మిగతా పదకొండు ఎన్‌కౌంటర్లూ క్లియర్ చేసి ఇప్పుడు చివరి బాస్ లిచ్ కింగ్ దగ్గర ఇరుక్కుపోయింది, ఎంతకీ ఫేజ్ 2 దాటట్లేదు. ఇక్కడ ఈ ఫైట్ బాగా తెలిసినవాళ్ళు ఉన్నారని అడుగుతున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి.

మా వాళ్ళు ఎవరంటే, ప్రాట్ పాలడిన్, డెత్ నైట్ ట్యాంకులు (బాస్ దెబ్బలు కాసేవాళ్ళు). డిసిప్లిన్ ప్రీస్ట్, రెస్టో షామన్ హీలర్లు. డీపీఎస్‌లో (అంటే దెబ్బ కొట్టేవాళ్ళలో) హంటర్ నేను, ఇంకా రోగ్, మేజ్, వార్లాక్, రెట్ పాలడిన్, ఫ్యూరీ వారియర్. గేర్ విషయంలో పెద్ద లోటు లేదు, ఐసీసీ బఫ్ కూడా ఆన్‌లోనే ఉంది.

ఫేజ్ 1 మాకు అలవాటైపోయింది. నెక్రోటిక్ ప్లేగ్ వచ్చినవాడు షాంబ్లింగ్ హారర్ దగ్గరికి పరిగెత్తడం, అక్కడికి చేరాక డిస్పెల్ చేయడం, ప్లేగ్ హారర్ మీదికి దూకడం, అదంతా మాటలు లేకుండానే జరిగిపోతోంది. బాస్ హెల్త్ 70 శాతం దగ్గర ఫేజ్ మారే ట్రాన్సిషన్ కూడా పర్లేదు, రేజింగ్ స్పిరిట్స్‌ని ట్యాంక్ బయటికి తిప్పి పట్టుకుంటున్నాడు, ఐస్ స్ఫియర్స్ నేనూ మేజూ చూసుకుంటున్నాం.

క్వేక్ పడి ప్లాట్‌ఫామ్ అంచు కూలిపోయిన దగ్గర్నుంచే అసలు గొడవ. మొదటి వాల్‌కిర్ (మనిషిని ఎత్తుకెళ్ళి అంచు బయట పడేసే రెక్కల శత్రువు) వస్తుంది, చంపేస్తాం. మొదటి డిఫైల్ (ఒకరి కాళ్ళ కింద పడి, లోపల ఎవరైనా ఉంటే పెరిగిపోయే నల్ల మడుగు) వస్తుంది, కాస్త తడబడినా బయటపడతాం. రెండో వాల్‌కిర్ వచ్చే టైముకి రెండో డిఫైల్ కూడా వచ్చేస్తుంది చూడండి, అక్కడ ప్రతిసారీ అయిపోతున్నాం. ఒకడు మధ్యలోకి రండి అంటాడు ఇంకొకడు విడిపోండి అంటాడు, సగం మంది లోపలికి సగం మంది బయటికి పరిగెత్తి మధ్యలో ఒకరికొకరు ఎదురొస్తారు, డిఫైల్ సరిగ్గా అక్కడే పడుతుంది, రెండు మూడు సెకన్లలో ప్లాట్‌ఫామ్ సగం నల్లగా అయిపోతుంది. ఈలోపు వాల్‌కిర్ ఎత్తుకెళ్ళినవాడిని ఎవరూ చూడరు, వాడు అంచు దాటి కింద పడిపోతాడు. ఒకవేళ వాడిని కాపాడితే హీలర్ డిఫైల్‌లో పోతాడు. రెండిట్లో ఏదో ఒకటి.

డిఫైల్ రాగానే పరిగెత్తు, వాల్‌కిర్ రాగానే కొట్టు, ఇది మా అందరికీ తెలుసు, వీడియోలు కూడా అందరూ చూశారు. తెలిసి కూడా చేయలేకపోతున్నాం, అదే బాధ. గ్రూప్‌లో ఒకరిద్దరు కాంపోజిషన్ మారుద్దాం, రోగ్‌ని తీసి ఇంకో రేంజ్డ్‌ని తెద్దాం అంటున్నారు. మొదట్నుంచీ మాతో ఉన్న మనిషిని ఇంత దూరం వచ్చాక చివరి బాస్ దగ్గర తీసేయడం నాకస్సలు ఇష్టం లేదు. ఉన్న పదిమందితోనే అయ్యే దారి ఉంటే చెప్పండి ప్లీజ్.

కోట_కవచం:

నిశి బ్రో, ముందు ఒక మాట, మీ రోగ్‌ని తీయొద్దు. మీ పదిమందిలో ఈ ఫేజ్‌కి బాగా పనికొచ్చేవాళ్ళలో అతనొకడు, ఎందుకో కిందకి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

నేను ఈ ఫైట్‌ని ట్యాంక్‌గానూ చేశాను, రెయిడ్ లీడ్ చేస్తూనూ చేశాను, 10 లోనూ 25 లోనూ. మీరు రాసింది చదువుతుంటే మీవాళ్ళ చేతుల్లో తప్పేం కనపడట్లేదు నాకు. ఎవరు ఎక్కడ ఉండాలో ముందు అనుకోలేదు, అంతే. ఈ ఫేజ్ మొత్తం ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. డిఫైల్‌కి అంచు కావాలి, వాల్‌కిర్‌కి మధ్య కావాలి. డిఫైల్ అంచున పడితే మనకి నిలబడ్డానికి మధ్యలో చోటు మిగులుతుంది. వాల్‌కిర్ మధ్యలో ఎత్తుకుంటే అంచు దాకా ఎగరడానికి దానికి టైమ్ పడుతుంది, ఆ టైములో మనం చంపేస్తాం. విడివిడిగా వస్తే రెండూ తేలికే. కలిసి వచ్చినప్పుడు ఒకే మనిషి ఒకేసారి రెండు చోట్ల ఉండాలి, అది అవ్వదు. కాబట్టి ఆ ఒక్క సందర్భంలో దేన్ని వదులుకుంటామో పుల్‌కి (ఫైట్ మొదలుపెట్టడానికి) ముందే తేల్చేసుకోవాలి. మీ గ్రూప్‌లో ఆ నిర్ణయం ఫైట్ మధ్యలో, పదిమంది పది రకాలుగా తీసుకుంటున్నారు.

మేం డిఫైల్‌కే ఓటేస్తాం. ఎందుకంటే వాల్‌కిర్ తప్పు చేస్తే ఒకడు చస్తాడు, డిఫైల్ తప్పు చేస్తే అందరూ చస్తారు. 10 మ్యాన్‌లో వాల్‌కిర్ ఒక్కటే వస్తుంది, ఒక్కడినే ఎత్తుకుంటుంది, 25లో లాగ మూడు రావు. అది మీకు పెద్ద ప్లస్సు.

ఇప్పుడు టైమింగ్. క్వేక్ తర్వాత మొదటి వాల్‌కిర్ సుమారు 20 సెకన్లకి వస్తుంది, అప్పటికి డిఫైల్ ఇంకా రాలేదు కాబట్టి అందరూ మధ్యలో గుంపుగా ఉండొచ్చు. తర్వాత మొదటి డిఫైల్. అక్కడ్నుంచి డిఫైల్ సుమారు 32 సెకన్లకోసారి, వాల్‌కిర్ 45 నుంచి 50 సెకన్లకోసారి. కాగితం మీద గీసుకోండి, రెండో వాల్‌కిర్, రెండో డిఫైల్ దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. మీరు ఎక్కడ పోతున్నారో సరిగ్గా అక్కడే. ప్రతి పుల్‌లోనూ ఆ రెండూ అలాగే కలుస్తాయి కాబట్టి అది ముందే తెలిసిన అపాయింట్‌మెంట్ అనుకుని రెడీ అవ్వొచ్చు.

డిఫైల్ గురించి అందరూ పొరపడేది ఏంటంటే, క్యాస్ట్ కనపడ్డాక పరిగెత్తాలి అనుకుంటారు. క్యాస్ట్ 2 సెకన్లే. డీబీఎంలో (టైమర్లు చూపించే యాడాన్) పేరు చూసి, అది నా పేరే అని అర్థమై, ఎటు ఖాళీ ఉందో చూసుకుని, కదిలేసరికి అయిపోతుంది. టైమర్‌లో ఇంకా 5 సెకన్లు ఉందనగానే అందరూ తమతమ చోట్లకి వెళ్ళిపోయి ఉండాలి. ఆ చోట్లు ముందే పంచుకోవాలి. ప్లాట్‌ఫామ్‌ని గడియారం అనుకోండి, సింహాసనం వైపు 12. మీ మేజ్ 2 దగ్గర, వార్లాక్ 4 దగ్గర, షామన్ 6, మీరు 8, ప్రీస్ట్ 10. మెలీ ముగ్గురూ బాస్ వెనక ఉంటారు, టైమర్ 5 అనగానే వాళ్ళకి దగ్గర్లో ఉన్న రెండు చోట్ల మధ్య ఖాళీలోకి తలో పక్కకీ. ఇలా ఉంటే డిఫైల్ ఎవరి మీద వచ్చినా పక్కవాడు పదడుగులు కూడా కదలనక్కర్లేదు, వచ్చినవాడు ఒక్కడు కదిలితే చాలు. వాడు కూడా లోపలికి రాకూడదు, అంచు వెంబడి పక్కకి పోవాలి. ఇది మాత్రం గట్టిగా చెప్పండి మీవాళ్ళకి, భయమేస్తే మనిషి కాళ్ళు మధ్యలోకే పోతాయి.

ఇక ఆ అపాయింట్‌మెంట్ దగ్గర మాత్రం ఇదే గడియారం కొంచెం చిన్నది చేయండి, అంటే పూర్తిగా అంచు దాకా పోకుండా మధ్యకీ అంచుకీ సగం దూరంలో ఆగండి. డిఫైల్ పడ్డాక చోటు కొంచెం తగ్గుతుంది, ఫర్వాలేదు, 30 సెకన్లలో పోతుంది. వాల్‌కిర్‌కి మాత్రం ఎగరాల్సిన దూరం సగం మిగులుతుంది, అది ఇంకా ముఖ్యం. మీ దగ్గరున్న, శత్రువుని కాసేపు కదలకుండా ఆపే మంచి స్టన్‌లన్నీ ఈ ఒక్క వాల్‌కిర్ కోసమే దాచండి. మొదటిదానికి స్లోలు, డీపీఎస్ సరిపోతాయి, అది మధ్యలోంచే బయల్దేరుతుంది కాబట్టి.

ఇంకొకటి, వాయిస్‌లో ఒక్కళ్ళే మాట్లాడాలి. రెండే మాటలు, "చోట్లకి", "మధ్యకి". వాల్‌కిర్, డిఫైల్ అనే పేర్లు కూడా అరవొద్దు, ఎందుకంటే పేరు విన్నవాడు ఏం చేయాలో మళ్ళీ ఆలోచించుకోవాలి. ఏం చేయాలో నేరుగా చెప్పేస్తే ఆలోచన మిగలదు.

వెన్నెల_ప్రీస్ట్:

పైన కవచం గారు చెప్పినదంతా సరైనదే, హీలర్ల వైపు నుంచి కొంచెం కలుపుతాను, ఎందుకంటే ఈ ఫేజ్‌లో డీపీఎస్ వాళ్ళు చూసే ఫైట్ వేరు మేం చూసే ఫైట్ వేరు.

నిశి గారూ, డిఫైల్‌లో పోయిన హీలర్ ఆ టైములో ఏం క్యాస్ట్ చేస్తున్నారో ఒకసారి లాగ్ తెరిచి చూడండి. దాదాపు ఎప్పుడూ ఇన్‌ఫెస్ట్ మీద హీల్ చేస్తూ ఉంటారు. ఇన్‌ఫెస్ట్ సుమారు 22 సెకన్లకోసారి రెయిడ్ మొత్తానికీ తగులుతుంది, ఎవరి హెల్త్ 90 శాతం పైకి చేరితే వాళ్ళ మీద పోతుంది, చేరకపోతే టిక్ టిక్‌కీ పెరుగుతూ పోతుంది. అది వచ్చాక నాలుగైదు సెకన్లు హీలర్ కళ్ళు హెల్త్ బార్ల మీదే ఉంటాయి, కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. సరిగ్గా అప్పుడు డిఫైల్ టైమర్ కూడా అయిపోతుంటే హీలర్ కదలరు. కదలాలని తెలియక కాదండి, ఆ ఒక్క హీల్ పూర్తయితే ఇంకొకళ్ళు బతుకుతారని ఆగుతారు.

మీకు డిసిప్లిన్ ప్రీస్ట్ ఉన్నారు కదా, అది అదృష్టం. పవర్ వర్డ్ షీల్డ్ మొదటి దెబ్బని మొత్తం పీల్చేసుకుంటే ఇన్‌ఫెస్ట్ ఆ మనిషికి అసలు అంటుకోదు. కాబట్టి మీ ప్రీస్ట్‌కి ఇన్‌ఫెస్ట్‌కి ముందు షీల్డులు పరచడమే మొదటి పని అవ్వాలి, ట్యాంక్ హీలింగ్ ఎక్కువ భాగం షామన్‌కి వదిలేయండి. ఒక్కో షీల్డూ ఇన్‌స్టంట్ కాబట్టి నడుస్తూ కూడా వేయొచ్చు, అదే దీని అందం. ఇన్‌ఫెస్ట్ టైమర్ 10 ఉండగా మొదలుపెడితే పదిమందిలో చాలామందికి పడిపోతాయి. ముందు తమ చోట దూరంగా ఉన్నవాళ్ళకి వేయమనండి, మెలీకి చివర్లో, వాళ్ళు చెయిన్ హీల్‌కి ఎలాగూ దగ్గర దగ్గరగా ఉంటారు.

సోల్ రీపర్ గురించి ఎవరూ అనలేదు. లిచ్ కింగ్ ట్యాంక్ మీద సోల్ రీపర్ వేశాక 5 సెకన్లకి పెద్ద దెబ్బ పడుతుంది, ఆ దెబ్బ తర్వాత ఇంకో 5 సెకన్లు బాస్ చాలా వేగంగా కొడతాడు. సోల్ రీపర్ పడగానే రెండో ట్యాంక్ టాంట్ చేసి బాస్‌ని తన మీదికి తీసుకోవాలి, మొదటివాడు ఆ చివరి దెబ్బకి ఏదో ఒక కూల్‌డౌన్ (చాలాసేపటికోసారే వాడగలిగే స్కిల్) వాడుకోవాలి. ట్యాంకులిద్దరూ ఈ మార్పు మాతో సంబంధం లేకుండా చేసేసుకుంటే మాకు ఒక బరువు తగ్గినట్టే. పాలడిన్, డెత్ నైట్ కాబట్టి కూల్‌డౌన్‌లకి కొదవ లేదు, ఏది ఎన్నో సోల్ రీపర్‌కి అని ముందే రాసుకోమనండి.

ఇంకో చిన్న విషయం, ఇది చాలామంది పట్టించుకోరు. గడియారంలో హీలర్లిద్దరినీ ఎదురెదురుగా పెట్టొద్దు. కవచం గారు షామన్‌ని 6 దగ్గర, ప్రీస్ట్‌ని 10 దగ్గర పెట్టారు, అది బాగుంది. 12, 6 అని పెడితే ఒకళ్ళ దగ్గర డిఫైల్ పడి వాళ్ళు ఇంకా పక్కకి జరిగితే అవతలి చివర ఉన్నవాళ్ళు రేంజ్ దాటిపోతారు, సరిగ్గా ఇన్‌ఫెస్ట్ టైములో.

మీ హీలర్లతో ఒకసారి విడిగా కూర్చుని మాట్లాడండి. "నువ్వు కదలాల్సిన టైములో ఎవరైనా చచ్చిపోతే అది నీ తప్పు కాదు" అని ముందే చెప్పండి. ఆ మాట విన్న హీలర్ కదులుతారు. నాకు మా రెయిడ్ లీడర్ అలా చెప్పాకే నా ఆట మారింది.

నీడ_రోగ్:

నిశి బ్రో, నేను రోగే కాబట్టి మీ రోగ్ తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నా. వాల్‌కిర్‌ని టాంట్ చేయలేం, డెత్ గ్రిప్‌తో లాగలేం, కానీ స్టన్ అవుతుంది, స్లో అవుతుంది. ఇక మీ గ్రూప్‌లో స్టన్‌లు లెక్కపెట్టండి. రోగ్‌కి కిడ్నీ షాట్ ఉంది, ఇద్దరు పాలడిన్‌లకీ హ్యామర్ ఆఫ్ జస్టిస్ ఉంది, మీ వార్లాక్ డిస్ట్రక్షన్ అయితే షాడోఫ్యూరీ కూడా. 10 మ్యాన్‌కి ఇది చాలా ఎక్కువ. ఇలాంటి గ్రూప్ వాల్‌కిర్ చేతిలో మనుషుల్ని పోగొట్టుకుంటోందంటే స్టన్‌లు అన్నీ ఒకేసారి పడిపోతున్నాయని అర్థం.

స్టన్‌లకి డిమినిషింగ్ రిటర్న్స్ ఉంటాయి బ్రో, మొదటిది పూర్తిగా పనిచేస్తుంది, వెంటనే వేసిన రెండోది సగమే, మూడోది ఇంకా తక్కువ, ఆ తర్వాత అసలు పట్టదు. వాల్‌కిర్ కనపడగానే ముగ్గురూ ఆవేశంగా ఒకే సెకన్లో కొట్టేస్తే ఒకదాని టైములోనే మిగతావి కరిగిపోతాయి, మొత్తం కలిపి ఒక స్టన్ విలువే వస్తుంది. వరస పెట్టుకోండి. మొదటి హ్యామర్ రెట్ పాలడిన్‌ది, ఎత్తుకుని కదలగానే. అది 6 సెకన్లు. అయిపోయేటప్పుడు కిడ్నీ షాట్. ఇక ట్యాంక్ పాలడిన్ హ్యామర్ ఎవరైనా మిస్ అయితే అని చేతిలో ఉంచుకోవాలి, ముందే వాడకూడదు. మధ్యలో ఉన్న ఖాళీలన్నీ స్లోలతో నింపండి. వారియర్ హ్యామ్‌స్ట్రింగ్, నీ కంకసివ్ షాట్, షామన్ ఎర్త్‌బైండ్ టోటెమ్, రోగ్ క్రిప్లింగ్ పాయిజన్. స్లో ఎప్పుడూ ఒకటి మీద ఉండాలి, స్టన్ అవుతున్నప్పుడు కూడా, ఎందుకంటే స్టన్ పోయిన మరుక్షణమే అది ఎగరడం మొదలుపెడుతుంది.

హ్యామర్ రేంజ్ తక్కువ, పది గజాలే, ఇది మర్చిపోవద్దు. అందుకే ఆ అపాయింట్‌మెంట్ దగ్గర రెట్ పాలడిన్‌ని గడియారం అంచుకి పంపొద్దు, బాస్‌కి దగ్గరగానే ఉంచండి. అక్కడైతే వాల్‌కిర్ ఎటు పోయినా ఒక్క పరుగులో అందుకుంటాడు.

కవచం అన్న చెప్పినదాంట్లో ఒక్కచోట నాకు వేరే అభిప్రాయం ఉంది. గడియారం మొత్తం గుండ్రంగా వాడొద్దు, సగమే వాడండి. అందరూ ఒక అర్ధవృత్తంలో ఉంటే వాల్‌కిర్ ఎవరిని పట్టుకున్నా ఆ వైపు అంచుకే పోతుంది, డీపీఎస్ అంతా ఒకవైపే తిరిగి ఉంటుంది. గుండ్రంగా నిలబడితే 2 దగ్గరున్న మేజ్‌ని ఎత్తుకుంటే 8 దగ్గరున్న నువ్వు బాస్‌ని దాటి రేంజ్‌లోకి రావాలి, అప్పటికే మూడు నాలుగు సెకన్లు పోతాయి.

డీపీఎస్ విషయం, రెండో వాల్‌కిర్ వచ్చే 10 సెకన్ల ముందు నుంచి పెద్ద కూల్‌డౌన్‌లు ఎవరూ బాస్ మీద వాడొద్దు. బాస్ హెల్త్ చూస్తే ఆశ పుడుతుంది, ఇంకొంచెం కొడితే 40కి వచ్చేస్తాడు అనిపిస్తుంది. ఆ ఆశే చంపేస్తుంది. వాల్‌కిర్ కనపడితే అందరూ దాని మీదకే, మీటర్‌లో నంబర్ గురించి మర్చిపోండి.

నిశి_హంటర్:

అన్నలూ, వెన్నెల గారూ, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, చాలా చాలా థాంక్స్. మొత్తం మా గ్రూప్ చాట్‌లో పెట్టేశాను, రోగ్ అయితే రెండుసార్లు చదివాడట. స్టన్‌ల వరస గురించి మాకు ఎవరికీ ఐడియా లేదు, నిజంగానే ముగ్గురూ ఒకేసారి కొట్టేస్తున్నారు.

రెండు డౌట్లు. ఒకటి, అర్ధవృత్తమా పూర్తి గడియారమా, మా పదిమందికి ఏది మంచిది? రెండు, ట్రాన్సిషన్‌లో చివరి రేజింగ్ స్పిరిట్ ఫేజ్ 2లోకి కూడా వచ్చేస్తోంది, దాన్ని చంపుతూ ఉండగానే మొదటి వాల్‌కిర్ వస్తోంది. దాన్ని వదిలేసి వాల్‌కిర్‌ని కొట్టాలా?

కోట_కవచం:

నీడ చెప్పింది నిజమే, మీ గ్రూప్‌కి అర్ధవృత్తమే మేలు. నేను 25 అలవాటుతో పూర్తి గడియారం రాశాను, అక్కడ అంతమందికి సగంలో చోటు చాలదు. 10లో చాలుతుంది. బాస్‌ని మధ్యకి కొంచెం అవతలగా సింహాసనం వైపు ట్యాంక్ చేసి మీరంతా ఇవతలి సగంలో 3 నుంచి 9 వరకు పరుచుకోండి. మేజ్ 3, వార్లాక్ 4, షామన్ 6, మీరు 8, ప్రీస్ట్ 9. వెన్నెల గారు అన్నట్టు హీలర్లు ఎదురెదురుగా రారు. ఒక్క జాగ్రత్త, సగం ప్లాట్‌ఫామే వాడుతున్నారు కాబట్టి పడిన డిఫైల్ ఒక్క టిక్ కూడా తినకూడదు, తింటే చోటు తొందరగా అయిపోతుంది. మరీ నిండిపోతే ట్యాంక్ బాస్‌ని ఇవతలికి లాగి మీరు అవతలి సగానికి మారండి. ఆ మార్పు కూడా లీడరే చెప్పాలి, ఎవరికి వారు మారకూడదు.

రేజింగ్ స్పిరిట్ గురించి. వదిలేయొద్దు. దాని సోల్ ష్రీక్ ముందున్నవాళ్ళందరినీ సైలెన్స్ చేస్తుంది, డిఫైల్ టైములో హీలర్ సైలెన్స్ అయితే ఇక చెప్పేదేం లేదు. ఒక ట్యాంక్ దాని మొహం బయటికి తిప్పి పట్టుకుని ఉండాలి, క్వేక్ పడ్డాక లోపలికి వచ్చేటప్పుడు కూడా మొహం మనవైపు తిరగకూడదు, చాలా గ్రూపుల్లో అక్కడే సైలెన్స్ తింటారు. క్వేక్ క్యాస్ట్ మొదలవగానే మీ డీపీఎస్ అంతా దాని మీదే ఉండాలి, లిచ్ కింగ్ మీద కాదు. మొదటి వాల్‌కిర్‌కి దాదాపు 20 సెకన్లు ఉంది, అంతసేపట్లో ఒక్క స్పిరిట్ పోతుంది. ఒకవేళ అప్పటికీ పోకపోతే మెలీలో ఒక్కడిని దాని మీద ఉంచి మిగతావాళ్ళు వాల్‌కిర్ చూసుకోండి. బాస్‌ని కొట్టడం ఆలస్యమైతే ఏం కాదు. ఫైట్ మొత్తానికి 15 నిమిషాల బెర్సెర్క్ (ఆ టైము దాటితే బాస్ అందర్నీ చంపేస్తాడు) ఉంది, మీ డీపీఎస్‌కి అది సమస్యే కాదు. తొందరపడి ఫేజ్ 2లోకి స్పిరిట్‌తో దిగడం కంటే నిదానంగా దిగడం నయం.

నిశి_హంటర్:

అప్‌డేట్. ఫేజ్ 2 దాటేశాం!! నిన్న రాత్రి మొదట్లో కొన్ని పుల్స్ పోయాయి కానీ అలవాటయ్యాక ఆ రెండో వాల్‌కిర్, డిఫైల్ కలిసేచోట ఎవ్వరూ చావలేదు. డిఫైల్ మా వార్లాక్ మీద వచ్చింది, అంచు వెంబడి పక్కకి నడిచాడు, మిగతావాళ్ళం కదలనే లేదు. వాల్‌కిర్ మేజ్‌ని పట్టుకుంది, హ్యామర్, తర్వాత కిడ్నీ షాట్, అంచుకి ఇంకా చాలా దూరం ఉండగానే చచ్చిపోయింది. వాయిస్‌లో ఎవరూ ఏం మాట్లాడలేదు, తర్వాత ఒక్కసారిగా అందరూ అరిచారు. కాంపోజిషన్ మార్చాలన్నవాళ్ళే రోగ్‌కి సారీ చెప్పారు.

ఇప్పుడు 40 శాతం తర్వాత ఫేజ్ 3లో వైల్ స్పిరిట్స్ వచ్చి పేలిపోతున్నాయి, హార్వెస్ట్ సోల్ వచ్చినవాడు ఫ్రాస్ట్‌మోర్న్ (లిచ్ కింగ్ కత్తి) లోపలికి పోయి ఏం చేయాలో తెలియక నిలబడుతున్నాడు. దీని గురించి కూడా కొంచెం చెప్పండి.

వెన్నెల_ప్రీస్ట్:

సూపర్ నిశి గారూ! చదువుతుంటేనే భలే సంతోషమేసింది.

హార్వెస్ట్ సోల్ నేను చెప్తాను. నార్మల్‌లో ఒక్కళ్ళ మీదే వస్తుంది, 6 సెకన్లు గట్టిగా డ్యామేజ్ చేస్తుంది, ఆ 6 సెకన్లూ ఆ మనిషిని బతికించాలి, చస్తే లిచ్ కింగ్ కొంతసేపు రెచ్చిపోతాడు, ట్యాంక్ నిలబడటం కష్టం. కాబట్టి పేరు కనపడగానే ఒక హీలర్ ఆ మనిషి మీదే. బతికితే ఫ్రాస్ట్‌మోర్న్ లోపలికి వెళ్తారు. అక్కడ రాజు టెరెనాస్ ఆత్మ, స్పిరిట్ వార్డెన్ కొట్టుకుంటూ ఉంటారు. డీపీఎస్ వెళ్తే వార్డెన్‌ని కొట్టాలి, అది సోల్ రిప్ మొదలుపెట్టగానే ఆపాలి. కిక్ ఉన్నవాళ్ళకి కిక్, మేజ్‌కి కౌంటర్‌స్పెల్. హీలర్ వెళ్తే టెరెనాస్‌ని ఫుల్ హెల్త్‌లో ఉంచాలి, ఆయన హెల్త్ ఎంత ఎక్కువుంటే అంత గట్టిగా కొడతాడు, వార్డెన్ ఆయన చేతిలోనే పోతుంది. లోపల ఒక నిమిషం లోపు అయిపోవాలి. పదిమందిలో ఒక్కొక్కళ్ళూ "నేను లోపలికి వెళ్తే ఏ బటన్‌తో సోల్ రిప్ ఆపుతాను" అనేది ముందే అనుకుని ఉంటే చాలు.

హీలర్ లోపలికి వెళ్ళిన ఆ నిమిషం బయట ఒక్కళ్ళే హీలర్. అప్పటికి రెట్ పాలడిన్ దగ్గర లే ఆన్ హ్యాండ్స్ మిగిలి ఉండేలా చూడండి. ఫేజ్ 3లో ఇన్‌ఫెస్ట్ ఉండదు, అది కొంచెం ఊరట.

నీడ_రోగ్:

అదిరింది బ్రో, మీ రోగ్‌కి నా తరఫున హై ఫైవ్.

వైల్ స్పిరిట్స్ పది వస్తాయి, కొంతసేపు పైన గాల్లోనే తేలుతాయి, తర్వాత కిందకి దిగి ఒక్కొక్కటి ఒక్కొక్కళ్ళ వెంట పడతాయి, తగలగానే పేలుతుంది, చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి కూడా. గాల్లో ఉన్నప్పుడే నువ్వు, మేజ్, వార్లాక్ మొదలుపెట్టండి, మెలీ వాటిని అందుకోలేం. పైన కొట్టినంత కొట్టి, దిగేటప్పుడు బాస్‌ని ట్యాంక్ వాటికి దూరంగా లాగేయాలి, అవి మన దాకా రావడానికి దారి పొడుగవ్వాలి, ఆ దారిలో మిగతావి పోతాయి. అన్నీ చావకపోయినా ఫర్వాలేదు, రెండు మూడు వేరు వేరు టైముల్లో పేలితే హీలర్లు తట్టుకుంటారు, ఒకేసారి గుంపు మీద పేలితేనే కష్టం. డిఫైల్ ఇక్కడ కూడా వస్తుంది, అదే అర్ధవృత్తం, అదే 5 సెకన్ల రూల్, వాల్‌కిర్ లేదు కాబట్టి అంచు దాకా హాయిగా పోవచ్చు.

కోట_కవచం:

భలే చేశారు నిశి. ఇంక ఒక్కటే మిగిలింది చెప్పడానికి, మీవాళ్ళలో ఎవరికైనా తెలియకపోతే అప్పుడు గాభరా పడతారని. లిచ్ కింగ్ 10 శాతానికి రాగానే ఫ్యూరీ ఆఫ్ ఫ్రాస్ట్‌మోర్న్ వేసి అందర్నీ చంపేస్తాడు. అది వైప్ (గ్రూప్ మొత్తం ఓడిపోవడం) కాదు, కథలో భాగం. ఎవరూ రిలీజ్ నొక్కొద్దు, అలాగే పడి ఉండండి. మనవైపు పాలడిన్ టిరియన్ వచ్చి కత్తి విరగ్గొడతాడు, టెరెనాస్ అందర్నీ లేపుతాడు, లేచాక లిచ్ కింగ్‌ని కొట్టి పూర్తి చేయండి. అందుకే 12, 11 శాతంలో ఉన్నప్పుడు ఎవరు చచ్చినా బ్యాటిల్ రెజ్ (ఫైట్ మధ్యలో లేపడం) కోసం ఆగొద్దు, ట్యాంక్ నిలబడి ఉంటే చాలు, మిగిలినవాళ్ళు ఉన్నదంతా బాస్ మీద పెట్టేయండి.